జాడ పట్టే కుక్క పిట్టను తెచ్చిస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

రెండు సంచికల క్రితం వేటకుక్కల గురించి రాస్తూ, పిట్టల వేటకు పాయింటర్లు, సెట్టర్లు, స్పానియళ్ళు, రిట్రీవర్లు ఉండగా వేరే జాతుల ప్రసక్తి ఎందుకన్నట్టుగా ఒక మాట అన్నాను. బీగిళ్ళు, బాసెట్లు, కూన్‌హౌండ్ల వంటి, నేల మీద జాడ పట్టే హౌండ్ జాతులను పెంచుకుంటున్న పాఠకులు ఆ మాటను ఒప్పుకోలేదు. వారి ఉత్తరాలు చదివాక నేనే తొందరపడ్డానని అర్థమైంది, ఎందుకంటే నా దగ్గరున్న బీగిల్ కూడా ఏళ్ళ తరబడి పిట్టలను వెతికి తెచ్చిన కుక్కే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. చట్టం అనుమతించిన చోట, అనుమతించిన కాలంలో, లైసెన్సుతో చేసే వేట గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నామని ముందుగా మనవి చేస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర మూడేళ్ళ మగ బీగిల్ ఉంది. ఫెజంట్ల (పొడవాటి తోక ఉన్న, కోడి జాతి పిట్టల) వేటకు వెంట తీసుకువెళ్తానంటే స్నేహితులు నవ్వుతున్నారు. అది కుందేళ్ళ కుక్క, పిట్టల దగ్గరికి తీసుకువస్తే అందరి వేటా పాడుచేస్తుంది అంటున్నారు. నిజంగా పనికిరాదా?

జవాబు: పనికివస్తుంది. అయితే స్పానియల్ చేసే పనిని దానిచేత యథాతథంగా చేయించాలని చూస్తే మీరూ విసిగిపోతారు, కుక్కా విసిగిపోతుంది. కుక్కల జాతులను వర్గీకరించే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.సి.ఐ. పట్టికలో జాడ పట్టే హౌండ్లది 6వ వర్గం, పిట్ట ముందు నిలిచిపోయి చూపించే పాయింటర్లు, సెట్టర్లది 7వ వర్గం, పిట్టను పొదలోంచి లేపే స్పానియళ్ళు, పడిన పిట్టను నోటకరచి తెచ్చే రిట్రీవర్లు, నీటి కుక్కలు కలిపి 8వ వర్గం. ఈ గీతలు మనుషులు గీసినవే అయినా వాటి వెనక వందల ఏళ్ళ ఎంపిక ఉంది కనుక, గీత దాటించే ముందు ఆ ఎంపిక దేనికోసం జరిగిందో తెలుసుకోవాలి.

పాయింటర్ తల ఎత్తి పరుగెడుతుంది. పిట్ట ఒంటి నుంచి లేచి గాలిలో తేలివచ్చే వాసన దానికి కావాలి. ఆ వాసన తగిలిన చోట ఆగి, గాలికి ఎదురుగా తిరిగి, పిట్ట ఎక్కడుందో అక్కడికే చూస్తుంది. బీగిల్ అలా కాదు, దాని ముక్కు నేలను వదలదు. నలిగిన గడ్డి, కదిలిన మట్టి, పాదాలకు అంటి రాలిన చర్మపు రేణువులు, ఇవన్నీ కలిసిన వాసన దారిని అది ఒక చివర నుంచి మరో చివరకు చదువుకుంటూ పోతుంది. ఈ చదువు ఎంత సూక్ష్మమైనదో నార్వే శాస్త్రజ్ఞులు 1993లో ప్రచురించిన ఒక పరిశీలన చెబుతుంది. శిక్షణ పొందిన జర్మన్ షెపర్డ్ కుక్కలను మనిషి నడిచిన జాడకు అడ్డంగా తీసుకువస్తే, అవి రెండు నుంచి ఐదు అడుగుజాడలు మాత్రమే వాసన చూసి, మూడు నుంచి ఐదు సెకన్లలో, ఆ మనిషి ఎటు వెళ్ళాడో తేల్చుకున్నాయి. షెపర్డ్‌కే అంత చేతనైనప్పుడు, జాడ కోసమే తరతరాలుగా పెంచిన బీగిల్‌కు చేతకాదని ఎవరూ అనలేరు.

ఇక్కడ పిట్ట స్వభావాన్ని కూడా గమనించాలి. అన్ని పిట్టలూ అలికిడి వినగానే ఎగరవు. ఫెజంట్, కౌజు వంటివి ముందు కాళ్ళకు పని చెప్పి, గడ్డిలో తల వంచుకుని చాలా దూరం పరుగెత్తి, ఇక తప్పదనుకున్నప్పుడే రెక్క విప్పుతాయి. అలా పరుగెత్తినంతసేపూ అవి కుందేలు లాగే నేల మీద జాడ వదులుతాయి. పాయింటర్ నిలిచి చూపించిన పిట్ట దాని ముందు నుంచే మెల్లగా జారుకుని పోయే సందర్భాలు వేటగాళ్ళందరికీ అనుభవమే. బీగిల్‌ను బురిడీ కొట్టించడం ఆ పిట్టకు అంత సులువు కాదు. చిక్కల్లా పిట్ట ఎగిరిన క్షణంలో వస్తుంది. జాడ అక్కడితో తెగిపోతుంది. నా బీగిల్ మొదటిసారి అలాంటి చోటుకు చేరినప్పుడు నేను దాని వెనకే ఉన్నాను. అంతవరకూ గడియారం లోలకంలా ఊగుతున్న తోక ఒక్కసారిగా ఆగిపోయింది. రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి వచ్చి, తెగిన చోటనే మళ్ళీ ముక్కు పెట్టి, అక్కడి నుంచి చిన్న వలయం, తరువాత పెద్ద వలయం తిరిగి, చివరికి నా ముఖం వంక చూసింది. భూమి మీద నడిచేది ఏదైనా ఎక్కడికో ఒక చోటికి చేరుతుందని దాని రక్తానికి తెలుసు, గాలిలోకి మాయమవుతుందని తెలియదు. అది నేర్చుకోవడానికి ఒక వేటకాలం పట్టింది.

మీ స్నేహితుల భయంలో న్యాయమైన భాగం దూరానికి సంబంధించినది. తుపాకీతో పిట్టను శుభ్రంగా కొట్టగలిగేది సుమారు ముప్పై, ముప్పై అయిదు మీటర్ల లోపునే. హౌండ్ జాడ దొరికిందంటే మనిషి ఎంత వెనక ఉన్నాడో చూసుకోదు, నూరు మీటర్ల అవతల పిట్టను లేపి ఎంతో గొప్ప పని చేసినట్టు సంతోషపడుతుంది. అందువల్ల మొదటి వేటకాలమంతా పదిహేను మీటర్ల తేలికపాటి తాడు కట్టి, తాడు చివర మీరు నడుస్తూ పని చేయించండి. ముందు కుక్క, వెనక మనిషి, మధ్యలో ఆ దూరం మాత్రమే ఉంటే వేట సాగుతుందని దానికి అలవాటు కావాలి. తాడు బిగుసుకున్నప్పుడు లాగవద్దు, మీరు ఆగిపోండి. ఆగితే జాడ ముందుకు సాగదని గ్రహించిన కుక్క క్రమంగా వెనక్కి తిరిగి చూడడం మొదలుపెడుతుంది. ఆ చూపు వచ్చిన రోజు నుంచే మీ బీగిల్ పిట్టల కుక్క అవుతుంది. పొట్టి కాళ్ళు కూడా ఇక్కడ వరమే. 33 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున్న బీగిల్ వెనక మనిషి వేగంగా నడిచి అందుకోగలడు, ఫాక్స్‌హౌండ్ వెనక గుర్రం కావాలి.

ప్రశ్న: మా కూన్‌హౌండ్ పడిన పిట్టను ఎంత దట్టమైన పొదలో ఉన్నా కనిపెడుతుంది. కానీ తీసుకురాదు. దాని మీద కాళ్ళు వేసి నిలబడుతుంది, ఆలస్యమైతే ఈకలు పీకడం మొదలుపెడుతుంది. ఎంత పిలిచినా ప్రయోజనం లేదు. దీన్ని మార్చవచ్చునా?

జవాబు: మార్చవచ్చు, కానీ ఓపిక కావాలి. నాకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఇదే ఫిర్యాదు కనుక కొంత విపులంగా రాస్తాను.

హౌండ్ దృష్టిలో వేట ఎక్కడ ముగుస్తుందో ఆలోచించండి. కూన్‌హౌండ్ రకూన్ అనే చిన్న జంతువును చెట్టెక్కించి, చెట్టు మొదట్లో నిలబడి, యజమాని వచ్చేదాకా అరుస్తుంది. గుంపుగా వేటాడే ఫాక్స్‌హౌండ్‌కు వేట చివర దొరికే జంతువే బహుమానం. మనుషుల జాడ తీసే బ్లడ్‌హౌండ్ ఆ మనిషి దగ్గరికి చేరితే దాని పని పూర్తయినట్టే. ఈ జాతులలో దేనినీ, దొరికినదాన్ని నోట పట్టుకుని నాకు తెచ్చి ఇవ్వమని ఎవరూ ఏ తరంలోనూ అడగలేదు. లాబ్రడార్ పిల్ల ఎనిమిది వారాల వయసులోనే విసిరిన గుడ్డముక్కను పట్టుకుని మన ఒళ్ళోకి పరుగెత్తుకు వస్తుందంటే, దాని ముందు తరాలలో తేవడం తెలిసిన కుక్కలనే ఎంచి జతకట్టించారు కాబట్టి. మీ కుక్క మొండిది కాదు, మీరు అడుగుతున్నది దానికి ఎన్నడూ వినని మాట. పిట్ట మీద కాళ్ళు వేసి నిలబడడం ద్వారా అది తన పద్ధతిలో, ఇదిగో దొరికింది, నువ్వు రా అంటోంది.

అలాగని ముక్కుకూ నోటికీ పొత్తు కుదరదనుకోకండి. గోల్డెన్ రిట్రీవర్‌నే తీసుకోండి. లార్డ్ ట్వీడ్‌మౌత్ తన స్కాటిష్ ఎస్టేటులో 1868లో నౌస్ అనే పసుపు రంగు రిట్రీవర్‌ను బెల్ అనే వాటర్ స్పానియల్‌తో జతకట్టించి ఆ జాతికి పునాది వేశాడు. తరువాతి తరాలలో ఇతర జాతులతో పాటు బ్లడ్‌హౌండ్ రక్తాన్ని కూడా కలిపారు. ఇళ్ళలో ఈనాడు అందరూ ముద్దుచేసే ఆ కుక్కలో ఒక హౌండ్ ఉంది. తెచ్చిచ్చే గుణానికి ముక్కు గుణం తోడైతే మేలని ఆనాటి పెంపకందార్లకు తెలుసు. మనం చేయబోయేది దాన్నే తిరగేసి, ముక్కు ఉన్న కుక్కకు తేవడం నేర్పడం.

మొదలుపెట్టాల్సింది పొలంలో కాదు, ఇంట్లో ఇరుకైన వసారాలో. చేతి మందాన చుట్టిన గుడ్డ రోలు ఒకటి తీసుకోండి. కుక్క దాన్ని ముక్కుతో తాకినా చాలు, వెంటనే తాయిలం పెట్టండి. తరువాత నోరు తెరిచి పట్టుకుంటేనే పెట్టండి, ఆ తరువాత రెండు సెకన్లు వదలకుండా పట్టుకుంటేనే. ఈ రెండు సెకన్లు పది సెకన్లు కావడానికి రెండు వారాలు పట్టినా తొందరపడకండి. పట్టుకుని నిలబడడం వచ్చాక పట్టుకుని నడవడం, నడవడం వచ్చాక ఒక అడుగు దూరం నుంచి మీ చేతికి అందించడం, ఆ అడుగును పది అడుగులు చేయడం, ఇలా చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు వెనక్కి కట్టుకుంటూ రావాలి. హౌండ్లకు తిండి మీద ఉన్న ప్రీతి ఈ పనిలో మనకు దొరికిన గొప్ప ఆయుధం. అమెరికా వ్యవసాయ శాఖ 1984 నుంచి విమానాశ్రయాలలో సామాన్లలోని పండ్లనూ మాంసాన్నీ కనిపెట్టడానికి బీగిళ్ళను వాడుతోంది. అవి దొరికినదాన్ని ముట్టకుండా పక్కన కూర్చుని యజమానికి తెలియజేస్తాయి, తాయిలం అందుకుంటాయి. తిండిపోతు అని పేరుపడ్డ జాతి తిండి పక్కన అంత నిగ్రహంతో కూర్చుంటున్నప్పుడు, పిట్టను నలపకుండా తేవడం నేర్పలేమనుకోవడం మన బద్ధకమే.

గుడ్డ రోలు తరువాత దానికే నాలుగు ఈకలు కట్టండి. ఆ తరువాత చల్లారిన, నెత్తురు లేని చిన్న పిట్ట. రెక్కలు విడిపోయి కుక్క ముఖానికి కొట్టుకోకుండా రబ్బరు బ్యాండుతో ఒంటికి కట్టాలి. వెచ్చటి, నెత్తురోడుతున్న పిట్టను మొదటిసారే నోటికి అందిస్తే ఏ హౌండ్ అయినా తినడానికే చూస్తుంది, ఒకసారి ఆ రుచి మరిగితే మాన్పించడం ఎంత కష్టమో మీరు ఇప్పటికే చూస్తున్నారు. మీ కుక్క విషయంలో కనీసం మూడు నెలలు దాన్ని నిజమైన వేటకు తీసుకువెళ్ళకుండా, ఈ మెట్లన్నీ మొదటి నుంచి ఎక్కించాలని నా సలహా.

ఒక జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. కుక్క నోట్లో పిట్ట ఉన్నప్పుడు ఎంత తప్పు చేసినా గద్దించవద్దు, దాని వెంట పరుగెత్తవద్దు. మీరు వెంటపడితే అది లాక్కోవడానికి వస్తున్నారనుకుని దూరం పోతుంది లేదా గబగబా మింగేస్తుంది. మీరు వెనక్కి తిరిగి వ్యతిరేక దిశలో పరుగు తీయండి, తొంభై పాళ్ళు అదే మీ వెంట వస్తుంది. వచ్చాక కూడా వెంటనే నోట్లోది లాక్కోకుండా, మెడ నిమిరి, అది గర్వంగా పట్టుకుని నిలబడడానికి ఒక నిమిషం ఇచ్చి, అప్పుడు తాయిలం చూపించి మార్చుకోండి. కరెంటు షాకిచ్చే పట్టెడలతో ఈ పని చేయించమని సలహా ఇచ్చేవారు కొందరున్నారు. నేను ఒప్పుకోను. వేల్స్ వాటిని 2010లోనే నిషేధించింది. అంతకన్నా పెద్ద కారణం ఏమిటంటే, పిట్ట నోట్లో ఉండగా నొప్పి కలిగితే హౌండ్ ఆ నొప్పిని మీతో కాదు, పిట్టతో ముడిపెట్టుకుంటుంది. ఆ తరువాత పిట్టను కనిపెట్టడం కూడా మానేస్తుంది. అప్పుడు ఉన్న గుణం కూడా పోతుంది.

ప్రశ్న: రిట్రీవర్ ఉండగా పడిన పిట్టల కోసం హౌండ్‌ను కూడా తీసుకువెళ్ళడం వల్ల అదనపు లాభం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. ఈ శీర్షికలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. గుండు తగిలి ఆకాశం నుంచి నేరుగా కిందపడి చనిపోయిన పిట్టకు నేల మీద జాడ ఉండదు, ఎందుకంటే అది అక్కడికి నడిచి రాలేదు. దాన్ని వెతకడానికి గాలి వాసన పట్టే ముక్కు, పడిన చోటును గుర్తుపెట్టుకునే కన్ను కావాలి. అది రిట్రీవర్ పని, అక్కడ హౌండ్ వెనకబడుతుంది. కానీ రెక్క మాత్రమే విరిగి పడిన పిట్ట నేలను తాకీ తాకగానే పరుగు తీస్తుంది. ఆ క్షణం నుంచి అది జాడ వదిలే జంతువు. అలాంటిదాన్ని వదిలేస్తే పొదలో రోజుల తరబడి బాధపడి చస్తుంది. గాయపరిచిన పిట్టను వెతికి పట్టి దాని బాధ ముగించడం వేటగాడి మొదటి ధర్మమని నేను నమ్ముతాను, దానికి హౌండ్ ముక్కు కన్నా మంచి సాయం లేదు.

కిందటి సీజనులో ఒక మగ ఫెజంట్ ముళ్ళపొద అంచున పడింది. తోటి వేటగాడి లాబ్రడార్ పడిన చోటికి సూటిగా వెళ్ళి, గుండ్రంగా తిరిగి తిరిగి, ఖాళీ నోటితో వచ్చింది. ఇరవై నిమిషాల తరువాత నా బీగిల్‌ను తాడు మీద అక్కడికి తీసుకువెళ్ళాను. రెండు ఈకలు, గడ్డిపోచ మీద ఆవగింజంత నెత్తురు చుక్క. ఈకల దగ్గర అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముక్కు పొద లోపలికి కాకుండా దానికి ఎడంపక్కనున్న నీటి కాలువ వైపు తిప్పింది. నాకు నమ్మకం కలగలేదు, అయినా తాడు వదులు చేశాను. కాలువ గట్టు వెంట నూట యాభై అడుగులు వెళ్ళి, గట్టు కోసుకుపోయి వేళ్ళు వేలాడుతున్న చోట తలదూర్చింది. తోక మాత్రమే బయట కనిపిస్తోంది. బయటికి వచ్చినప్పుడు పిట్ట రెక్క దాని నోట్లో ఉంది, పిట్ట ప్రాణంతోనే ఉంది. కిలో పైన బరువున్న ఫెజంట్‌ను పది కిలోల బీగిల్ ఎత్తి మోయలేదు. పొడవాటి తోకను తన కాళ్ళతోనే తొక్కుకుంటూ, ఆగుతూ, మళ్ళీ పట్టు మార్చుకుంటూ ఈడ్చుకు వచ్చింది. అందంగా తెచ్చిందని ఎవరూ అనరు. కానీ తెచ్చింది.

ఇలాంటి పనికి హౌండ్‌ను తుపాకుల వరుసలో నిలబెట్టాల్సిన అవసరమే లేదు. కాల్పులు ముగిసేదాకా నీడలో కట్టేసి ఉంచి, దొరకని పిట్టల లెక్క తేలాక, ఒక్కొక్కటి పడిన చోటికి తాడు మీద తీసుకువెళ్ళండి. ఇతర కుక్కలూ మనుషులూ ఆ చోటును తొక్కి పాడుచేయకుండా ముందే ఒక గుర్తు పెట్టి ఉంచితే దాని పని సగం తేలికవుతుంది.

ప్రశ్న: హౌండ్ జాడ మీద గొంతెత్తి అరుస్తుంది. ఆ అరుపుకే పిట్టలన్నీ ఎగిరిపోవా?

జవాబు: కొన్ని ఎగిరిపోతాయి. చాలా ఎగరవు. అరుపు కొంత దూరం నుంచి వస్తున్నంతసేపూ పిట్ట తన శత్రువు ఎక్కడుందో తెలుసుకుంటూ నక్కి ఉంటుంది, నిశ్శబ్దంగా మీద పడ్డ స్పానియల్‌కే అది ఉలిక్కిపడి లేస్తుంది. అరుపు వల్ల మీకు కలిగే లాభం కూడా తక్కువ కాదు. మనిషి ఎత్తు పెరిగిన గడ్డిలో కుక్క కనిపించదు. గొంతు మారిన తీరును బట్టి జాడ కొత్తదా పాతదా, పిట్ట దగ్గరపడిందా అన్నది అనుభవం ఉన్న చెవికి తెలిసిపోతుంది, తుపాకీ సిద్ధం చేసుకోవడానికి సమయం దొరుకుతుంది.

పిట్టల వేటలో గొంతు నేరం కాదని చూపించే జాతులు కూడా ఉన్నాయి. జర్మన్ వాఖ్టెల్‌హుండ్ పేరులోని వాఖ్టెల్ అంటే పూరేడు పిట్ట. స్పానియళ్ళతో పాటు 8వ వర్గంలోనే ఉన్నా, జాడ మీద హౌండ్ లాగా గొంతెత్తుతుంది, నేల మీదా నీళ్ళలోనూ పడినదాన్ని తెచ్చిస్తుంది. ఫిన్‌లాండ్ 1979లో తమ జాతీయ శునకంగా ప్రకటించుకున్న ఫిన్నిష్ స్పిట్జ్ అడవిలో కాపర్‌కేలీ వంటి పెద్ద పిట్టను చెట్టు మీద కనిపెట్టి, కింద నిలబడి ఆపకుండా అరుస్తుంది. పిట్ట చూపు కుక్క మీదే నిలిచిపోతుంది, ఆ అరుపు మాటున వేటగాడు అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి వస్తాడు. స్పిట్జ్ హౌండ్ కాదు, అయినా చెట్టు కింద నిలబడి అరిచే కూన్‌హౌండ్‌ను దానిలో నేను చూస్తాను.

అయితే బాతుల కోసం రెల్లుపొదలలో నక్కి కూర్చునే వేటకు అరిచే కుక్క పనికిరాదు. అక్కడికి తీసుకువెళ్ళవద్దు.

ప్రశ్న: హౌండ్లలో పిట్టల పనికి ఏ జాతిని ఎంచుకోవాలి? నీళ్ళలో పడిన బాతును తేగలిగేది ఏదైనా ఉందా?

జవాబు: కొత్తగా కొనేటట్లయితే, సందేహం లేకుండా, స్పానియల్‌నో రిట్రీవర్‌నో కొనమంటాను. ఈ శీర్షిక ఇంట్లో ఇప్పటికే హౌండ్ ఉన్నవారి కోసం. అయినా హౌండే కావాలంటే చిన్నదైన బీగిల్, లేదా ఫ్రాన్స్ దేశపు గరుకు వెంట్రుకల పొట్టి గ్రిఫన్ బాసెట్ ముళ్ళపొదలకు బాగుంటాయి. బాసెట్ హౌండ్ ముక్కు అద్భుతం, కానీ బరువు, నేలకు రాసుకునే చెవులు దాన్ని త్వరగా అలసిపోయేలా చేస్తాయి. బ్లడ్‌హౌండ్ ఈ పనికి మరీ పెద్దది. డాక్స్‌హుండ్‌ను గాయపడిన పెద్ద జంతువుల జాడ తీయడానికి యూరపులో ఇప్పటికీ వాడుతున్నారు, గాయపడిన పిట్టకూ అదే ముక్కు పనిచేస్తుంది, మోయడం మాత్రం దాని వల్ల కాదు.

నీటికి ఆటర్‌హౌండ్ ఉంది. వేళ్ళ మధ్య పొర, నూనె తడితో కూడిన రెండు పొరల బొచ్చు, గంటల తరబడి ఈదే సత్తా. ఆటర్ల, అంటే చేపలు తినే నీటిపిల్లుల, వేట కోసం పుట్టిన ఈ జాతికి, ఇంగ్లండులో 1978లో ఆ జంతువుకు చట్టరక్షణ లభించడంతో పాత పని లేకుండా పోయింది, ఇప్పుడు ప్రపంచమంతటా చాలా తక్కువ సంఖ్యలో మిగిలింది. యార్క్‌షైర్‌లో దీని రక్తాన్ని టెరియర్‌తో కలపగా వచ్చినదే ఎయిర్‌డేల్, అది పిట్టల వేటలోనూ తెచ్చివ్వడంలోనూ పేరు తెచ్చుకుంది. ఆటర్‌హౌండ్ దొరికినవారు అదృష్టవంతులు.

ప్రశ్న: పిట్ట కోసం వదిలితే కుందేలు వాసన తగలగానే దాని వెంట పోతుంది. తిట్టినా కొట్టినా మానడం లేదు.

జవాబు: ముందు కొట్టడం ఆపండి. కుందేలు జాడను మరిచిపొమ్మని బీగిల్‌ను అడగడం చేపను ఈదవద్దనడమే. మనం చేయగలిగింది పిట్ట జాడకు ఎక్కువ విలువ కట్టడం. వారానికి మూడు సార్లు, పిట్ట రెక్కను తాడుకు కట్టి గడ్డిలో యాభై మీటర్లు ఈడ్చి, చివర ఆ రెక్కతో పాటు దానికి ప్రాణమైన తిండి గిన్నె పెట్టండి. క్రమంగా దూరం పెంచండి, వంపులు పెట్టండి, అరగంట పాతబడనివ్వండి. ఈ జాడకు మాత్రమే ఒక ప్రత్యేకమైన మాట వాడండి, ఆ మాట కుందేలు రోజున ఎప్పుడూ వాడకండి. పిట్టల పనికి వేరే పట్టెడ, దానికి చిన్న గంట కట్టడం నాకు బాగా ఉపయోగపడింది. ఆ గంట మెడకు తగిలించిన రోజున తను చేయాల్సింది ఏమిటో నా కుక్కకు గుమ్మం దాటకముందే తెలుస్తుంది. అయినా ఏడాదికి రెండు మూడు సార్లు కుందేలు వెంట పోతుంది. తాడు ఉన్నది అందుకే.

ప్రశ్న: తుపాకీ శబ్దానికి మా ఏడాది వయసు బీగిల్ వణికిపోతుంది. ఇక ఆశ వదులుకోవాలా?

జవాబు: ఆశ వదులుకోవద్దు, తుపాకీ దగ్గరికి తీసుకువెళ్ళనూ వద్దు. పైన చెప్పినట్టు కాల్పులు ముగిశాక జాడ తీసే పనికి తుపాకీ శబ్దంతో సంబంధమే లేదు. అలవాటు చేయాలనుకుంటే రెండు వందల మీటర్ల అవతల ఒకరు చిన్న చప్పుడు చేసే ఖాళీ తూటా పేల్చాలి, ఇక్కడ కుక్క అన్నం తింటూ ఉండాలి. తల ఎత్తి మళ్ళీ తినడంలో మునిగితే ఆ దూరం సరైనది, తినడం మానేస్తే దూరం చాలలేదు. వారాల తరబడి కొద్దికొద్దిగా దగ్గరికి రండి.

ప్రశ్న: కొన్ని రోజులలో కళ్ళ ముందున్న పిట్టను కూడా మా కుక్క పసిగట్టలేకపోతోంది. దాని ముక్కు పాడైందా?

జవాబు: ముక్కు కన్నా ముందు వాతావరణాన్ని అనుమానించండి. నేల ఎండి, ఎండ మండి, గాలి పొడిగా వీస్తుంటే వాసన నిలవదు. కుక్క రొప్పుతున్నంతసేపూ ముక్కుతో సరిగా గాలి పీల్చలేదు, కాబట్టి అలసిన కుక్క సగం గుడ్డిదే. నీళ్ళు పట్టించి, నీడలో పావుగంట పడుకోబెట్టి, నాలిక లోపలికి వెళ్ళాక మళ్ళీ వదిలితే అదే చోట పిట్టను పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. తేలికపాటి తేమ, మెల్లటి గాలి ఉన్న ఉదయాలు హౌండ్‌కు పండుగ, కుండపోత వాన పాత జాడను కడిగేస్తుంది. ఇవేవీ కాక, చల్లటి రోజున కూడా వరుసగా విఫలమైతే ముక్కు రంధ్రాలలో గడ్డి ముల్లు దిగిందేమో పశువైద్యుడికి చూపించండి.

పిట్ట వైపు నుంచి కూడా ఒక కారణం ఉంటుంది. నేల మీద గూడు పెట్టే తీరపు పిట్టలలో కొన్నిటికి గుడ్లు పొదిగే కాలంలో ఈకలకు పూసుకునే మైనం మారిపోతుంది. శిక్షణ పొందిన కుక్కకు ఆ మారిన మైనాన్ని వాసనతో పట్టడం మామూలు మైనం కన్నా కష్టమైందని డచ్ శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించారు. గూటి మీది తల్లి తన వాసనను తానే దాచుకుంటోందన్నమాట. ఆ కాలంలో కుక్కలను గూళ్ళ దరిదాపులకు పోనివ్వకపోవడమే మనం చేయాల్సింది.

ప్రశ్న: నేను వేటాడను, పిట్టను చంపడం నాకు ఇష్టం లేదు. కానీ మా బాసెట్ ముక్కును చూస్తే ఈ పని నేర్పాలనిపిస్తోంది. పిట్ట లేకుండా వీలవుతుందా?

జవాబు: పూర్తిగా వీలవుతుంది, మీ ఉత్తరం నాకు చాలా సంతోషం కలిగించింది. రాలిన ఈకలను ఏరి గుడ్డ డమ్మీకి కట్టండి. మీ స్నేహితులెవరైనా దాన్ని తాడుతో నేల మీద ఈడ్చుకుంటూ నడిచి, మధ్యలో ఒక చోట ఎత్తి నాలుగడుగులు మోసి మళ్ళీ కింద పెట్టి ఈడ్చాలి. పిట్ట కాస్త ఎగిరి వాలినట్టు జాడలో ఆ తెగిన భాగం ఉంటుంది. చివర డమ్మీని గడ్డిలో దాచి, ఆ స్నేహితుడు వచ్చిన దారిన కాకుండా దూరంగా చుట్టు తిరిగి వెళ్ళిపోవాలి, లేకపోతే బాసెట్ డమ్మీని వదిలి అతన్నే వెతుక్కుంటూ పోతుంది. కుక్క తెగిన చోటుకు చేరినప్పుడు మీరు ఒక్క మాట కూడా మాట్లాడకండి, చేయి చూపించకండి. అది వలయాలు తిరగడం మొదలుపెడుతుంది. నాలుగడుగుల అవతల జాడ మళ్ళీ దొరికిన క్షణంలో దాని చెవులు, భుజాలు, తోక అన్నీ ఒకేసారి ఎలా మారతాయో దగ్గర నుంచి చూడండి.